పెద్ద ఎస్‌యూవీ బ్రేక్ డిస్కులు: లేత్ పట్టించాలా, మార్చాలా, మారిస్తే ఏవి వేయాలి?

ఫార్చ్యూనర్, సఫారీ, స్కార్పియో-ఎన్ లాంటి బండికి 90లో బ్రేక్ వేయగానే స్టీరింగ్ గజగజలాడిందంటే షెడ్డులో వినిపించే మాట దాదాపు ఒకటే: "డిస్కులు బెండయ్యాయి సార్, మార్చేద్దాం." పక్క షెడ్డు ఆయన "ఎందుకండీ అంత ఖర్చు, లేత్‌లో ఫేసింగ్ కొట్టిస్తే, అదే పైపొర చెక్కి చదును చేయిస్తే సరిపోతుంది" అంటాడు. ఫోన్‌లో వెతికితే చిల్లులున్న స్పోర్ట్స్ డిస్కులు వేసుకోమని మూడో సలహా దొరుకుతుంది. మూడు చోట్లా అడగని ప్రశ్న ఒకటుంది. డిస్కు ఇప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది? ఆ అంకె తెలియకుండా చేసే ఖర్చంతా గుడ్డి ఖర్చే. తెలిస్తే మాత్రం సగం ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

ముందు పెద్ద బండికీ చిన్న బండికీ తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం. ఏడుగురు ఎక్కి, వెనక సామాను సర్దుకుని బయల్దేరిన ఫార్చ్యూనర్ బరువు రెండున్నర టన్నుల దగ్గరికి వస్తుంది. గంటకు 100 కి.మీ. వేగం నుంచి దాన్ని పూర్తిగా ఆపాలంటే సుమారు 9.6 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. మూడు లీటర్ల చన్నీళ్లను మరగబెట్టేంత వేడి అది. గట్టిగా బ్రేక్ వేస్తే నాలుగైదు సెకన్లలో ఆ వేడంతా డిస్కుల్లోకి, అందులోనూ ఎక్కువ భాగం ముందు రెండింటిలోకి దిగుతుంది. వేగం 120 అయితే వేడి ఇంకో 44 శాతం పెరుగుతుంది.

ఘాట్ రోడ్డు సంగతి వేరే. తిరుమల నుంచి మొదటి ఘాట్‌లో కిందికి దిగితే ఎత్తు దాదాపు 700 మీటర్లు తగ్గుతుంది. ఇంజన్ సాయం లేకుండా ఆ దిగుడంతా బ్రేకుల మీదే లాగిస్తే, 100 వేగం నుంచి పది పన్నెండు సార్లు ఆపినంత వేడి డిస్కులకు పడుతుంది. మధ్యలో చల్లారే సమయం కూడా పెద్దగా ఉండదు. శ్రీశైలం, అనంతగిరి, మారేడుమిల్లి దారుల్లోనూ ఇదే లెక్క. అందుకే దిగేటప్పుడు మాన్యువల్ గేరు బండైతే రెండో మూడో గేరులో, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో కింది గేరు పట్టుకుని దిగాలి. డిస్కుల మన్నిక పెంచే పనుల్లో రూపాయి ఖర్చు లేనివాటిలో ఇదొకటి.

నిజంగా బెండయ్యాయా?

చాలాసార్లు కాదు. బ్రేక్ డిస్కు పోత ఇనుముతో చేసిన మందపాటి వస్తువు, అప్పడంలా వంగిపోదు. మనం 'బెండు' అనుకునేది ఎక్కువగా మందంలో తేడా. డిస్కు చుట్టూ ఒక చోటికీ మరో చోటికీ మందంలో 0.02 మి.మీ. తేడా వచ్చినా చాలు, పెద్ద బండిలో స్టీరింగ్‌కు తెలిసిపోతుంది.

ఆ తేడా రావడానికి మన దగ్గర ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి టోల్‌గేటు. హైవే మీద 100లో వచ్చి, గట్టిగా బ్రేక్ కొట్టి, ఫాస్టాగ్ లైనులో కాలు బ్రేకు మీదే అదిమి నిలబడతాం. మండుతున్న డిస్కును వేడి ప్యాడ్లు ఒకే చోట నొక్కి పట్టుకుంటాయి, ప్యాడ్ పదార్థం అక్కడ మచ్చలా అంటుకుంటుంది. మిగతా చోట అరిగినట్టు ఆ మచ్చ దగ్గర అరగదు, వేడెక్కీ చల్లారీ గట్టిపడుతుంది కూడా. ఆటోమేటిక్ బండిని 'డి'లోనే పెట్టి కాలితో ఆపి ఉంచే అలవాటున్నవాళ్లకు ఇది మరీ ఎక్కువ. లైనులో ముందు బండికి కాస్త ఎడం వదిలి, మెల్లగా జరుగుతూ ఉంటే ప్యాడ్లు ఒకేచోట అంటుకోవు.

రెండోది హబ్ మీద తుప్పు. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పు పొర ఉండగానే కొత్త డిస్కు బిగిస్తే, మధ్యలో వచ్చిన పిసరంత వంకర అంచుకు వచ్చేసరికి రెట్టింపు అవుతుంది. తిరిగిన ప్రతిసారీ డిస్కు ఒకే చోట ప్యాడును రాసుకుంటూ పోతుంది, బ్రేకు వేయనప్పుడు కూడా. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక వణుకు మొదలవుతుంది. "మొన్ననే మార్పించాను, మళ్లీ వచ్చింది, డిస్కులు నకిలీవేమో" అని బాధపడేవాళ్లలో చాలామందిది ఈ కేసే.

వణుకు ఎక్కడ తెలుస్తుందో గమనిస్తే కొంత ఆచూకీ దొరుకుతుంది. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు డిస్కులు. సీటులోనో పెడల్‌లోనో తెలుస్తూ స్టీరింగ్ నిమ్మళంగా ఉంటే వెనకవాటి మీద అనుమానం. బ్రేకు వేయకుండానే వణికితే డిస్కుల జోలికి వెళ్లకండి, ముందు టైర్ల బ్యాలెన్సింగ్ చూపించండి. ఇసుక మీదో తడి రోడ్డు మీదో గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడల్ గరగరమని కొట్టుకుంటే అది ఏబీఎస్ (చక్రాలు పట్టేసి జారకుండా చూసే ఏర్పాటు) తన పని తాను చేయడం, జబ్బు కాదు.

కొలవడం ఎలా

డిస్కు అంచు మీదో, మధ్య టోపీ భాగం మీదో కనీస మందం పోతలోనే రాసి ఉంటుంది, 'మిన్' అనే అక్షరాల పక్కన. తుప్పు పట్టి ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దితే కనిపిస్తుంది. ముందు చక్రాలకు వాడే గాలిసందుల డిస్కులకు (రెండు పలకల మధ్య గాలి ఆడేవి) సాధారణంగా కొత్త మందానికీ ఈ కనీసానికీ మధ్య తేడా 2 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అంటే మొత్తం డిస్కు జీవితం ఆ రెండు మిల్లీమీటర్లే.

కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. ప్యాడ్ తగలని అంచు దగ్గర అరుగుదల ఉండదు కాబట్టి అక్కడ చిన్న గట్టు మిగులుతుంది. మామూలు వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుంటాయి, లోపల ఎంత అరిగినా కొత్త డిస్కులాగే అంకె చూపిస్తాయి. మైక్రోమీటర్ ఉన్న షెడ్డైతే సమస్య లేదు. లేకపోతే ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకోండి. రెండూ కలిపి ఎంత మందమో ముందు కొలిచి రాసుకోండి. తర్వాత డిస్కుకు ఇటొకటి అటొకటి, అంచుకు సెంటీమీటరు లోపలగా ఆనించి, బిళ్లల మీదుగా కొలవండి. వచ్చిన దానిలోంచి బిళ్లల మందం తీసేస్తే డిస్కు అసలు మందం వస్తుంది. అరిగిందా లేదా తేల్చుకోవడానికి ఇది చాలు. చుట్టూ ఉన్న తేడా పట్టుకోవాలంటే మాత్రం మైక్రోమీటర్‌తో ఆరేడు చోట్ల కొలవాల్సిందే, 0.02 మి.మీ. వెర్నియర్‌కు అందే అంకె కాదు.

వంకరను డయల్ గేజితో చూస్తారు. చక్రం తీశాక నట్లు వాషర్లతో మళ్లీ డిస్కు మీద బిగించి, గేజి ముల్లు ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పుతారు. ముల్లు 0.05 మి.మీ. లోపే ఆడితే సాధారణంగా బాగున్నట్టే, కచ్చితమైన పరిమితి మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువగా ఆడితే డిస్కు తీసి, హబ్ ముఖం శుభ్రం చేసి, ఒక బోల్టు అవతలికి తిప్పి పెట్టి మళ్లీ చూడాలి. ఆరు బోల్టుల బండికి ఆరు స్థానాలు దొరుకుతాయి, వాటిలో ఒక చోట డిస్కు వంకరా హబ్ వంకరా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డయల్ గేజి లేని షెడ్డులో డిస్కుల పని చేయించడం నాకైతే ఇష్టం ఉండదు.

లేత్ పట్టించడం ఎప్పుడు లాభం

ఒక ఉదాహరణ. కొత్తది 28 మి.మీ., కనీసం 26 అని రాసి ఉన్న డిస్కు అనుకుందాం. మీది కొలిస్తే 27.4 వచ్చింది, వణుకు ఉంది. ఒక్కో ముఖం మీద 0.2 తీస్తే 27.0 మిగులుతుంది, కనీసానికి ఇంకా ఒక మిల్లీమీటరు ఉంది. నిరభ్యంతరంగా ఫేసింగ్ కొట్టించండి. అదే డిస్కు 26.7 ఉండి, గాడులు పోవడానికి ఒక్కో ముఖం మీద 0.3 తీయాల్సి వస్తే మిగిలేది 26.1. రాసి ఉన్న కనీసం ప్రకారం ఇంకా బతికే ఉంది, కానీ ఒక ప్యాడ్ సెట్టు జీవితం కూడా నిలవదు. పైగా ఇనుము తగ్గినకొద్దీ అదే వేడికి డిస్కు ఇంకా త్వరగా కాలిపోతుంది, వణుకు మళ్లీ త్వరగా వస్తుంది. అక్కడ లేత్ కూలీ దండగ.

మన దగ్గర లేత్ పని చవక. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ చుట్టుపక్కలో మంచి టర్నర్ దొరికితే పెద్ద బండి కొత్త డిస్కుల ఖర్చుతో పోలిస్తే కూలీ లెక్కలోకి రాదు. చిక్కల్లా బిగింపులో ఉంది. టర్నర్ డిస్కును లేత్ చక్‌లో (పట్టి తిప్పే భాగంలో) బిగించే తీరు, అది హబ్ మీద కూర్చునే తీరు ఒకటి కాకపోతే, లేత్ మీద అద్దంలా తిరిగిన డిస్కు బండి మీద వంకరగా తిరుగుతుంది. డిస్కు లోపలి ముఖం తుప్పు గీకి, దాన్నే ఆధారంగా పట్టమని చెప్పండి. బండి మీద ఉండగానే డిస్కును కోసే యంత్రాలు కొన్ని పెద్ద వర్క్‌షాపుల్లో ఉన్నాయి. హబ్ వంకర కూడా కలిపి సరిచేస్తాయి కాబట్టి, ఆ సదుపాయం దొరికితే కాస్త ఎక్కువైనా అదే మేలు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క తిరగబడుతుంది. అక్కడ రోటర్లు (డిస్కులను వాళ్లు పిలిచే పేరు) చవక, మనిషి గంట ఖరీదు. టాహో, ఎక్స్‌పెడిషన్ లాంటి బండి ఉన్నవాళ్లు లేత్ గురించి ఆలోచించడం అరుదు, ప్యాడ్లతో పాటు రోటర్లూ మార్చేస్తారు. మంచు రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు డిస్కు అరగకముందే తుప్పుకు పోతుంది, అక్కడ పూత ఉన్న రోటర్లకు పెట్టే అదనపు డబ్బు వసూలవుతుంది.

ఒక్క సందర్భంలో లేత్ మాటే ఎత్తకూడదు. డిస్కు మీద వేలి గోరుకు తగిలే పగులు ఉన్నా, గాలిసందుల దాకా చీలిక కనిపించినా తీసి పక్కన పడేయాలి. వేడికి ఉపరితలం మీద కనిపించే సన్నని వల లాంటి గీతలు వేరు, అవి గోరుకు తగలవు.

కొత్తవి వేస్తే

మామూలు నున్నటి డిస్కు, గాడుల డిస్కు, చిల్లుల డిస్కు. దుకాణంలో ధర కూడా ఇంచుమించు ఇదే వరసలో పెరుగుతుంది. ఉపయోగం మాత్రం ఆ వరసలో పెరగదు.

చిల్లులవాటిని ముందే తీసేద్దాం. పాతకాలపు ప్యాడ్లు వేడెక్కితే వాయువులు వదిలేవి, అవి బయటికి పోవడానికి చిల్లులు పనికొచ్చేవి. నేటి ప్యాడ్లకు ఆ బాధ చాలా తక్కువ. చిల్లుల వల్ల పోయేది ఇనుము, అంటే వేడిని దాచుకునే సరుకు. పైగా ప్రతి చిల్లు అంచూ పగులు మొదలవడానికి ఒక చోటు. రెండున్నర టన్నుల బండికి, ఘాట్‌లకు ఇది సరైన బేరం కాదు. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు కంపెనీయే వేస్తుంది కదా అంటారు. వేస్తుంది, వాటికి డిస్కుల సైజు వేరు, వాటి యజమానులు కట్టే బిల్లులూ వేరు.

గాడుల డిస్కులకు ఒక న్యాయమైన గిరాకీ ఉంది. బురద, ఇసుక, వాగులు దాటే ఆఫ్‌రోడ్ వాడకంలో ప్యాడు ముఖాన్ని ఆ గాడులు తుడుస్తూ ఉంటాయి. బదులుగా బ్రేకు వేస్తే బుర్రుమనే శబ్దం భరించాలి, ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. వారానికి ఐదు రోజులు ఆఫీసు, నెలకోసారి ఊరు వెళ్లే బండికి ఇవి అనవసరం.

మిగిలింది మామూలు డిస్కు. మిగిల్చిన డబ్బు ఇక్కడే పెట్టాలని నా అభిప్రాయం, కాకపోతే సరైన మామూలు డిస్కు మీద. హై కార్బన్ అని రాసి ఉన్నవాటిలో గ్రాఫైట్ ఎక్కువ ఉంటుంది, వేడిని త్వరగా పంచుతాయి, కీచుమనడం తక్కువ. టోపీ భాగానికీ గాలిసందులకూ బూడిదరంగు జింక్-అల్యూమినియం పూత ఉన్నవి విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రతీర ఊళ్ల వాళ్లకు తప్పనిసరి అనే చెబుతాను. ఉప్పు గాలికి హబ్ దగ్గర డిస్కు అతుక్కుపోయి, మార్చే రోజున సుత్తితో బాది ఊడదీయాల్సిన గోల తగ్గుతుంది.

కంపెనీ డిస్కా, బయటి బ్రాండా? బాష్, బ్రెంబో లాంటి పేరున్నవాటిలో మీ మోడల్‌కు దొరికితే కంపెనీ డిస్కుకు బదులు నిశ్చింతగా వేసుకోవచ్చు, డీలర్ ధర కంటే తరచుగా తక్కువకే వస్తాయి. పేరు తెలియని సరుకైతే రెండు పరీక్షలు చేయండి. ఒకటి, తూకం. పాత కంపెనీ డిస్కునూ దీన్నీ తూచండి. అరిగిన పాతదానికంటే కొత్తది తేలిగ్గా ఉందంటే ఇనుము ఎక్కడో మిగిల్చారు. రెండోది, అంచు మీద నుంచి చూసి రెండు ముఖాల పలకలు సమానంగా ఉన్నాయా అన్నది. ఒక పలక మందంగా, ఇంకోటి పలచగా ఉంటే పోతలోనే అచ్చు పక్కకు జరిగింది. వేడెక్కితే ఒక పక్కకు లాగుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో తెప్పించినా బ్రాండ్ పెట్టె చూసి మోసపోవద్దు, నకిలీ పెట్టెలు బాగానే అచ్చవుతున్నాయి. బిల్లు ఇవ్వని చోట బ్రేకు సామాను కొనకండి.

పెద్ద క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం), పెద్ద డిస్కుల కిట్టు గురించి కూడా అడుగుతుంటారు. రోడ్డు మీద తిరిగే బండికి నా మాట వద్దు. ముందు వెనక బ్రేకుల పాళ్లు కంపెనీ లెక్క ప్రకారం ఏబీఎస్‌కు కుదిర్చి ఉంటాయి, అది చెడుతుంది, బీమా దగ్గర వివరణలు ఇచ్చుకోవాలి. ఘాట్‌లో బ్రేకు మెత్తబడుతోందన్నదే బాధ అయితే దానికి వేరే మందుంది: బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు, కాలు కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించే ఖర్చు ఏ స్పోర్ట్స్ డిస్కుతో పోల్చినా చాలా చిన్నది.

ప్యాడ్ల గురించి క్లుప్తంగా. సెరామిక్ ప్యాడ్లు దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ. సిటీ వాడకానికి హాయి. లోహపు పాలు ఎక్కువున్నవి వేడిలో పట్టు వదలవు, డిస్కును కాస్త ఎక్కువ తింటాయి; బరువుతో ఘాట్‌లు ఎక్కి దిగేవాళ్లకు అవే మేలు. ప్యాడ్ మందం 3 మి.మీ.కి వచ్చాక మార్చడానికి ఆగొద్దు, ఇనుము ఇనుమును తాకితే మంచి డిస్కు కూడా ఒక్క ప్రయాణంలో పాడవుతుంది. కొత్త డిస్కుకు పాత ప్యాడ్ మాత్రం ఎప్పుడూ వద్దు.

బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి

డిస్కులు ఎప్పుడూ జతగా మార్చాలి, కుడి ఎడమ రెండూ. అతుక్కుపోయిన డిస్కును సుత్తితో బాదబోతే ఆపండి. టొయోటా బండ్ల డిస్కు టోపీ మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిలో 8 మి.మీ. బోల్టులు సమానంగా బిగిస్తే డిస్కు దానంతటదే బయటికి వస్తుంది. బేరింగుకు దెబ్బ తగలదు. హబ్ ముఖం వైర్ బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకించండి. పైన చెప్పిన వణుకు కథ సగం ఇక్కడే ఆగిపోతుంది.

క్యాలిపర్‌ను బ్రేక్ హోస్ మీద వేలాడదీయనివ్వద్దు, తీగతో స్ప్రింగుకు కట్టించండి. క్యాలిపర్ జారే పిన్నులు వేళ్లతో లాగితే రావాలి. ఒకటి జామ్ అయి ఉంటే ఆ పక్క లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఆ పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి, చాసిస్‌కు పూసే మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండైతే స్కానర్ పెట్టి సర్వీస్ మోడ్‌లోకి తెచ్చాకే పిస్టన్ వెనక్కి నెట్టాలి. బలవంతంగా నొక్కితే మోటారు పోతుంది, దాని బిల్లు ముందు డిస్కుల బిల్లు చిన్నబోతుంది.

పూత లేని కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె రాసి పంపుతారు. బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా కడగాలి. చక్రాల నట్లను గాలి గన్‌తో టపటపా బిగించి వదిలేయడం మన షెడ్లలో మామూలు. ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్కు మీద ఒత్తిడి సమానంగా ఉండదు. ఎదురెదురు నట్లు వరసగా, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని అంకెలో చూపే రెంచ్), మాన్యువల్‌లో చెప్పిన అంకెకు బిగించమనండి. విసుక్కున్నా సరే, అడగండి.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు మధ్యస్థంగా బ్రేకు వేస్తూ, మధ్య మధ్య అర నిమిషం నడవనివ్వాలి. చివర్లో పది నిమిషాలు బ్రేకు తక్కువ వాడుతూ తిరిగి చల్లారనివ్వండి. ఇంటికొచ్చిన వెంటనే పైపు పెట్టి చక్రాలు కడగొద్దు. 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూపించండి. కొత్త డిస్కు మందం, దాని మీద రాసిన కనీసం, ఆ రోజు కిలోమీటర్ రీడింగ్ మూడూ సర్వీస్ పుస్తకంలో రాసి ఉంచండి. మళ్లీ ఎవరైనా "డిస్కులు పోయాయి సార్" అన్న రోజున వాళ్ల చేతికి ముందు ఆ పేజీ ఇవ్వొచ్చు.